దుమ్ము అంటని గెలుపు

పానెమోస్ నెల, 11

గెలిచాను.

పానెమోస్ 12

నిన్న అంతకంటే రాయలేకపోయాను. ఇవాళ స్థిమితంగా రాస్తాను. పాత పాఠాల చుట్ట వెనకవైపు ఖాళీగానే ఉంది. ముందువైపు ఉన్నవన్నీ దూతల మాటలే.

మెలాంబ్రా పవిత్రోత్సవంలో విషాద నాటకం పోటీ కిరీటం నాకు దక్కింది. నాటకాల దేవుడు దియొనీసు పేరున్న మా కళాకారుల సంఘంలో చేరి ఇరవై రెండేళ్లయింది. అన్నేళ్లూ త్రోఫిమోస్ అన్న వెనక రెండో వేషం కట్టాను. ఆయన రాజైతే నేను దూతను, ఆయన రాణి అయితే నేను దాదిని. శవాల వేషాలు అదనం. ఈసారి రెండో వేషగాళ్లు కూడా విడిగా పోటీకి దిగొచ్చని సంఘం తీర్మానించింది. దిగాను, గెలిచాను.

పోటీ గట్టిగానే జరిగేది. కాకపోతే పేరిచ్చిన నలుగురిలో ఇద్దరు పెద్ద ఉత్సవం ఏదో దొరికిందని తీరం వైపు వెళ్లిపోయారు. మూడోవాడు త్రోఫిమోస్ అన్న. చాటింపు మనిషి ఆయన పేరు మూడుసార్లు పిలిచాడు. రాలేదు. న్యాయనిర్ణేత లేచి కిరీటం తెచ్చి నా నెత్తిన పెట్టాడు.

"అయ్యా, నేనింకా నోరే తెరవలేదు" అన్నాను.

"తెరవక్కర్లేదు. ఎదుటివాడు లేడంటే దుమ్ము లేవలేదు. దుమ్ము అంటని గెలుపు ఇది. కుస్తీవాళ్లలో దీనికెంత గౌరవమో తెలుసా?"

"నాలుగు వందల పంక్తులు బట్టీ పట్టి వచ్చానండీ. కనీసం సగమైనా..."

"తీర్పు ఇచ్చేశాక వింటే మనసు మారిపోతుందయ్యా. ఎందుకొచ్చిన గొడవ?" అని భోజనానికి వెళ్లిపోయాడు.

ఆ సమయానికి అన్న సత్రంలో నిద్రపోతున్నాడు. తెల్లవారి నేను పోటీకి బయలుదేరేటప్పుడు కూడా నిద్రపోతూనే ఉన్నాడు. ఆయనకు అరవై దాటాయి. ఆ వయసులో మనిషికి నిద్ర అవసరం. ఆయన్ని లేపడం నా బాధ్యత అని సంఘం నియమాల్లో ఎక్కడా రాసి లేదు.

పానెమోస్ 13

ఈపాటికి లేచి ఉంటాడు.

పానెమోస్ 15

సత్రం వైపు వెళ్లకుండా కొండదారిన వచ్చేశాను. ఆ దారిలో నీడ ఎక్కువ.

అన్నని లేపడం అంటే మాటలు కాదు. అరుపులకు లేవడు. నీళ్లు చల్లితే పక్కకు ఒత్తిగిల్లుతాడు. ఎడమ కాలి బొటనవేలు పట్టుకుని గట్టిగా గుంజాలి. అప్పుడే "వేళైందా?" అంటూ లేచి కూర్చుంటాడు. ఇరవై రెండేళ్లు ఆ వేలు గుంజినవాణ్ణి నేనే. ఒక్క రోజు గుంజకపోతే అది నేరమా?

కొండదారిలో నీడ ఎక్కడా లేదు. మాడు మాడిపోయింది.

పానెమోస్ 19

మా ఊరు ఓర్నిసా పొలిమేర రాయి దగ్గర పాపియాస్ ఎదురొచ్చాడు. నగరసభ లేఖకుడు, నియమం లేనిదే తుమ్మడు. రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపేశాడు.

"ఒనెసాస్ గారూ, ఆగండి! ఒక్క అడుగు కూడా వేయకండి."

"ఏమైంది పాపియాస్? ఇంటికెళ్తున్నాను."

"అలా ఎలా వెళ్తారండీ? పవిత్రోత్సవ కిరీటం తెచ్చుకున్నవారు మామూలుగా నడిచి రాకూడదు. నాలుగు గుర్రాల రథం మీద, ఊరి గోడకు కంత కొట్టించి, ఆ కంతలోంచి రావాలి. అలాంటి వీరుడున్న ఊరికి గోడతో పనేముందని పెద్దల ఉద్దేశం. అలా లోపలికి వచ్చిన రోజు నుంచే మీ హక్కులు మొదలవుతాయి."

"మన ఊరికి గోడ లేదుగా."

"అదేనండీ ఇప్పుడు చిక్కు" అన్నాడు.

హక్కుల సంగతి లేకపోతే నవ్వేసి ఇంటికి పోయేవాణ్ణి. కానీ కిరీటం ఉన్నవాడి ఇంట్లో సైన్యం బస చేయకూడదు. నాకు కావలసింది అదొక్కటే. ఎనిమిది నెలల నుంచి మా ఇంట్లో వెరెకుందుస్ అనే రోము సైనికుడు, అతని రెండు కంచరగాడిదలు మకాం. అతను నా మంచం మీద పడుకుంటాడు, అవి నేను నాటకాల్లో తొడుక్కునే ముఖోటాల గదిలో. ఒకటి నా రాణి ముఖోటాకున్న జుట్టంతా తినేసింది. నేను మెలాంబ్రా వెళ్తుంటే నా భార్య అమ్మియా గుమ్మంలో నిలబడి ఒకే మాట చెప్పింది: "తిరిగొచ్చేసరికి ఆ గాడిదలన్నా పోవాలి, నేనన్నా మా చెల్లెలింటికి పోవాలి."

కాబట్టి పొలిమేర దాటలేదు. దారి పక్క సమాధుల్లో మా మామగారిది కాస్త పెద్దది, అరుగు ఉంది. దాని మీద పడక వేశాను.

పానెమోస్ 20

అమ్మియా వచ్చింది. పొలిమేర రాయికి అటువైపు తను, ఇటువైపు నేను.

"మా నాన్న బతికున్నన్నాళ్లూ నాటకాలోణ్ణి గడప తొక్కనివ్వనన్నాడు. చచ్చాక అరుగిచ్చాడన్నమాట."

"నాలుగు రోజులే అమ్మియా. గోడ కడతారట."

"ఎందుకు?"

"పగలగొట్టడానికి."

 చుట్టూ ఎవరైనా ఉన్నారేమోనని చూసింది. "రాయి మీద గిన్నె పెట్టాను, పప్పు ఉంది, తినండి" అని వెళ్లిపోయింది.

పానెమోస్ 21

అన్న నుంచి కబురు లేదు. ఆయనకు కోపం వచ్చి ఉంటే కబురు వచ్చేది. కబురు లేదంటే కోపం లేదనే అర్థం.

పానెమోస్ 30

గోడ కట్టడానికి ప్రాంతాధికారి అనుమతి వచ్చింది. గోడ కడుతున్నారంటే ఊరు తిరుగుబాటు చేస్తోందేమోనని ముందు అనుమానపడ్డారట. పాపియాస్ ఏకంగా మూడు ఉత్తరాలు రాశాడు. కూల్చడానికే కడుతున్నామని చెబితే అనుమానం ఇంకా పెరిగిందట.

లోయోస్ నెల, 6

గోడ లేచింది. దారికి అడ్డంగా ఇరవై అడుగుల వెడల్పు, రెండు నిలువుల ఎత్తు. అటు పక్క శనగ చేను, ఇటు పక్క పాపియాస్ బావమరిది ద్రాక్షతోట. మధ్యలో గోడ ఒక్కటే. మేకలు, బళ్లు, అందరూ చేలోంచి చుట్టు తిరిగి పోతున్నారు. నాకు భోజనం తెచ్చేది వెరెకుందుసే. గోడ చుట్టూ తిరిగి వచ్చి, నా అరుగు మీద కూర్చుని, సగం తనే తింటాడు.

"మీ ఆవిడ చేతి పప్పు బాగుంటుంది పెద్దాయనా. నువ్వు లోపలికొస్తే నన్ను పంపేస్తారటగా?"

"అంతే మరి."

"పాపం" అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియలేదు.

గోడ కట్టినవాడు మానెస్, ముసలి తాపీ మేస్త్రీ. కూలే గోడే కదా, ఇటుకలు పేర్చి మట్టి మెత్తమని చెప్పారట. వినలేదు. రాళ్లు చెక్కి, మధ్యలో ఇనుప కట్లు బిగించి, సీసం పోశాడు.

"ఎందుకయ్యా అంత గట్టిగా?" అని అడిగాను.

"నలభై ఏళ్లుగా ఊళ్లో పశువుల కొట్టాలు కట్టాను బాబూ. గోడ కట్టమని ఇన్నాళ్లకు అడిగారు. పడిపోయేలా కట్టడం నాకు చేతకాదు" అన్నాడు. గోడ మీద చెయ్యి వేసి నిమిరాడు.

నాకు కోపం రావాల్సింది. రాలేదు. నాలుగు వందల పంక్తులు బట్టీ పట్టి ఎవరూ వినకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పైగా సభవాళ్లు ముందే శాసనం చెక్కించేశారు: "పవిత్ర విజేత ఒనెసాస్ ఈ చోట గోడను ఛేదించి నగర ప్రవేశం చేసెను." దాన్ని ఆ గోడ మీదే చెక్కించారు.

లోయోస్ 7

అనుకోని అడ్డంకి. దారికి అడ్డంగా ఉన్న కట్టడం ప్రజల ఆస్తి అవుతుందట. ప్రజల ఆస్తిని కూల్చాలంటే అనుమతి వేరే కావాలట. కట్టే అనుమతిలో కూల్చే మాట లేదట.

"కూల్చడానికే కడుతున్నామని రాశారుగా!"

"ఉద్దేశం రాశామండీ. అభ్యర్థన రాయలేదు" అన్నాడు పాపియాస్. తప్పు తనది కాదన్నట్టు చెప్పాడు.

లోయోస్ 8

ఎండ.

లోయోస్ 9

ఎండ. మామగారి శిలావిగ్రహం నా వైపే చూస్తోంది.

లోయోస్ 14

ప్రవేశాన్ని కళ్లారా చూసి ధ్రువీకరించడానికి సంఘం తరఫున ఒక పెద్ద రావాలన్నది నియమం. వచ్చాడు. త్రోఫిమోస్ అన్న.

దూరం నుంచే నడక గుర్తుపట్టాను. సమాధి వెనక్కి వెళ్లిపోదామనుకున్నాను. అంతలోనే ఆయన వచ్చి రెండు చేతులతో వాటేసుకుని గట్టిగా ఏడ్చాడు.

"ఒరేయ్ ఒనెసాస్! క్షమించరా తమ్ముడూ. నువ్వు లేపే ఉంటావు. నేనే లేవలేదు. ముసలాణ్ణి అయిపోయానురా. నీ మొదటి పోటీకి ఎదురుగా నిలబడలేకపోయాను. నిన్ను ఒంటరిని చేసేశాను."

నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆయన దాన్ని మన్నింపు అనుకున్నాడు.

"ఎంతసేపు గుంజావేంటి?" అని అడిగాడు.

"చాలాసేపు" అన్నాను.

చాలాసేపు అన్నాను.

లోయోస్ 15

ఆయన చెప్పులు విప్పి ఎడమ బొటనవేలు చూపించాడు. "వాచిందిరా, చూడు. నువ్వే పాపం బలంగా గుంజినట్టున్నావు." రాయి తగిలి వాచింది అది. నేను తల ఊపాను.

ఆయన నా అరుగు మీదే మకాం పెట్టాడు. ఊళ్లో మంచి వసతి చూపిస్తే వద్దన్నాడట. రోజూ నా పంక్తులు చెప్పమంటాడు. గొంతు బాగాలేదని తప్పించుకుంటున్నాను. గొంతు బాగానే ఉంది.

లోయోస్ 20

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. అమ్మియా నేతి వంటకం పంపింది. ఆయన ఇష్టంగా తింటున్నాడు. తినేటప్పుడు చెప్పడం మర్యాద కాదు.

లోయోస్ 22

తిన్నాక నిద్రపోయాడు. మనిషికి నిద్ర అవసరం.

లోయోస్ 26

కూల్చే అనుమతి వచ్చింది. ఎల్లుండి మధ్యాహ్నం ముహూర్తం. అమ్మియా మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. అది నాతో ఉండటానికో, చెల్లెలింటికి పోవడానికో ఎల్లుండి తేలుతుంది. అన్న ఎక్కాల్సిన ఓడ మా ఊరి రేవు నుంచి గోర్పియాయోస్ నెల మొదటి తారీకున. ఆయన ధ్రువీకరణ రాసి వెళ్లిపోతే ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. అంతా సర్దుకుంటుంది.

లోయోస్ 28

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరు చదువుతారని దాచాలి?

నాలుగు గుర్రాలు దొరకలేదు. రెండు గుర్రాలు, ఒక ఎద్దు, పిండిమర తిప్పే గాడిద. వాటన్నిటికీ పూలదండలు. నేను ఎర్ర వస్త్రం, కిరీటం. గోడ పునాదిలో ఒక భాగం తవ్వి, రాళ్లకు దుంగలు పోటు పెట్టారు. ఆ దుంగలకు తాళ్లు. తాళ్లు లాగే కంచరగాడిదలు వెరెకుందుస్‌వే. లాగితే దుంగలు ఊడి గోడ ఊరివైపు పడుతుంది. మానెస్ మాత్రం రానన్నాడు. ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాడట.

సరిగ్గా కనబడాలని ఊరంతా గోడకు ఇటువైపు, నా వైపే వచ్చేసింది. ఊళ్లో ఎవరూ లేరు. ప్రవేశాన్ని ఎదురుగా చూడాలి కనుక సాక్షి మాత్రం అటువైపు ఉండాలి. అన్నని పాపియాస్ అటు పంపించాడు. దూరంగా రాయి మీద కూర్చోమని చెప్పాడట. రాయి ఎండలో ఉంది. గోడకు నీడ ఉంది.

పూజారి ద్రాక్షసారా పట్టుకుని మౌనం పాటించమన్నాడు. ఆ మౌనంలో ఎవరైనా మాట్లాడితే అపశకునం. అందరూ ఊపిరి బిగబట్టారు. ఎద్దు కూడా కదల్లేదు. అప్పుడు వినిపించింది, గోడ అవతల అడుగునుంచి, సన్నగా మొదలై చివర ఈల వేసే గురక.

నా పక్కనున్నవాడు కప్ప అనుకున్నాడు. ఇరవై రెండేళ్లు సత్రాల్లో ఆ గురక పక్కనే పడుకున్నవాణ్ణి నేను. వెరెకుందుస్ అప్పటికే గాడిదల్ని అదిలించేశాడు.

"ఆపండి! అవతల మనిషున్నాడు! ఆపండయ్యా!" అని అరిచాను.

గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. కొండకు తగిలి తిరిగొచ్చింది. జనం ఒక్క క్షణం బిత్తరపోయారు. ఆ వెంటనే చప్పట్లు. "అద్భుతం! ఇదేనేమో మెలాంబ్రాలో వేసిన పాత్ర!" అని ఎవరో అంటున్నారు. ఒక ముసలావిడ ఏడ్చింది. చప్పట్లకు బెదిరి గాడిదలు ఇంకా గట్టిగా లాగాయి.

అరిస్తే లేచే మనిషి కాదాయన. బొటనవేలు గుంజాలి.

రథం మీంచి దూకాను. ఎర్ర వస్త్రం ఎద్దు కొమ్ముకు చిక్కుకుపోయింది. శనగ చేలోంచి పరిగెత్తాను, కిరీటం ఎక్కడో పడింది. గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లేసరికి అన్న గోడ మొదట్లోనే వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చెప్పులున్నాయి. చెప్పు లాగి పారేసి, వేలు పట్టి, నా బలం కొద్దీ గుంజి, గుంజుతూనే ఆయన్ని గోడకు దూరంగా ఈడ్చాను.

దుంగలు ఊడిన చప్పుడైంది. కళ్లు మూసుకున్నాను.

గోడ పడలేదు. పునాది లేకుండానే నిలబడింది. ఇప్పటికీ నిలబడే ఉంది. ఎక్కడినుంచో మానెస్ వచ్చి దాన్ని చూసి, అక్కడే కూర్చుని, తలపాగాతో కళ్లు తుడుచుకున్నాడు.

అన్న లేచి కూర్చున్నాడు. "వేళైందా?" అన్నాడు.

ఒంటి నిండా దుమ్ము. నోట్లో కూడా దుమ్మే. చెప్పేశాను. "అన్నా, ఆ రోజు నేను నిన్ను లేపలేదు. వేలు ముట్టుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా వెళ్లిపోయాను."

ఆయన తన వేలు చూసుకున్నాడు, నన్ను చూశాడు. ముఖంలో ఇరవై రెండేళ్లలో నేను చూడని ముసలితనం కనిపించింది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

"మరి ఇవాళెందుకు లేపావురా?" అన్నాడు చివరికి.

జవాబు చెప్పేలోపే పాపియాస్ చేను దాటి రొప్పుతూ వచ్చాడు. "ఒనెసాస్ గారూ, ఎంత పని చేశారండీ! నడిచి వచ్చేశారే! గోడ చుట్టూ! కిరీటం లేకుండా! ఇక ఇదే మీ ప్రవేశం. విజేతగా కాదు, మామూలు మనిషిగా వచ్చినట్టు రాసుకోవాలి నేను."

"గోడ పడలేదుగా. మళ్లీ చేద్దాం" అని జనంలో ఎవరో అన్నారు.

"మనిషి ఊళ్లోకి ఒక్కసారే వస్తాడండీ" అన్నాడు పాపియాస్.

సంఘం తరఫు సాక్షిని అడిగారు, ఏం చూశారని. అన్న లేచి నిలబడ్డాడు. నన్ను ఎంత మాటైనా అనొచ్చు ఆయన. "రాజవేషం ఉన్నవాడు దూతలా పరిగెత్తి వచ్చాడు. పరుగు బాగుంది" అన్నాడు. నిద్రలో తను చూడని పరుగే అయినా, అదే రాసి ముద్ర వేశాడు.

లోయోస్ 29

ఇంట్లో ఉన్నాను. మంచం మీద వెరెకుందుస్, కింద నేను. కంచరగాడిదలు ఉన్నాయి. అమ్మియా కూడా ఉంది.

"మూట కట్టావుగా" అన్నాను.

"కట్టాను. శనగ చేలో మీ పరుగు చూశాక తొమ్మిది నెలల్లో మొదటిసారి నవ్వొచ్చింది. కాళ్లు చూపించండి, ముళ్లు తీస్తాను" అంది. ముళ్లు తీస్తూ మళ్లీ నవ్వింది. చివరి ముల్లు దగ్గర నవ్వు ఆపి, "లేపకుండా వెళ్లిపోయారా?" అని అడిగింది. అవునన్నాను. ఆ ముల్లు మాత్రం గట్టిగా లాగింది.

లోయోస్ 30

సాయంత్రం అన్న గోడ దగ్గరికి రమ్మన్నాడు. మా ఇంటికి రాలేదు. గోడ ముందు రాయి మీద కూర్చుని "చెప్పు, ఆ నాలుగు వందలూ" అన్నాడు.

చెప్పాను. మానెస్ కూడా విన్నాడు, అతనిప్పుడు గోడను వదిలి వెళ్లడం లేదు. గొంతు మొదట్లో వణికింది, తరవాత నిలబడింది. నూట పదో పంక్తి దగ్గర అన్న నిద్రపోయాడు. నేను ఆపలేదు. నాలుగు వందలూ పూర్తి చేశాను. మానెస్ చప్పట్లు కొట్టాడు.

అన్న నన్ను క్షమించినట్టు చెప్పలేదు. క్షమించాడని నేను రాసుకోను. నిద్రపోయే ముందు ఒకే మాట అన్నాడు: "రేపు తెల్లవారేసరికి ఓడ. నన్ను లేపేవాళ్లెవరూ లేరిక్కడ."

గోర్పియాయోస్ 1

లేపాను.